ఏ అరలోనూ చేరని రికార్డు



ఈ పూట నేను మీకు చెప్పబోయేది ఒక రికార్డు కథ. అది 1995లో ఇంగ్లండులో వెలువడింది. వాయించినవాడు మన తెలుగువాడు, పాలకొల్లులో పుట్టినవాడు. మాండొలిన్ శ్రీనివాస్ అంటే ఎరగనివారు మీలో ఉండరు. రికార్డు పేరు చెబితే మాత్రం, విన్నామనేవాళ్లు ఊరికి ఒక్కరైనా దొరుకుతారో లేదో. దాని పేరు 'డ్రీమ్'. అంటే కల.

చరిత్ర ప్రసంగమన్నారు, నిడగల్లు కోట గురించో పాలెగాళ్ల గురించో చెబుతాడనుకుంటే ఈ మేష్టారు పాటల పెట్టె పట్టుకొచ్చాడేమిటని మీకనిపించవచ్చు. కోటలకు శాసనాలున్నాయి, గెజెటీర్లున్నాయి. చదవదలచుకున్నవారికి అవి దొరుకుతాయి. పాటకు శాసనం ఉండదు. విన్నవాడు మరిచిపోతే అంతే సంగతులు. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

ముందుగా ఒక లెక్క సరిచూసుకుందాం. 'డ్రీమ్'ను నేను రెండో రికార్డు అంటున్నాను. శ్రీనివాస్ చిన్నతనం నుంచీ ఎన్నో క్యాసెట్లు ఇచ్చాడు కదా, రెండోదెలా అవుతుందంటారేమో. ఇంగ్లండులో 'రియల్ వరల్డ్' అని ఒక రికార్డు కంపెనీ ఉంది. ఆ కంపెనీకి ఆయన ఇచ్చిన వాటిలో మొదటిది 1994లో వచ్చిన 'రామ శ్రీరామ'. రెండోది 'డ్రీమ్'. మొదటిదాన్ని సంగీతం తెలిసినవాళ్లు గుర్తుపెట్టుకున్నారు. రెండోదాన్ని ఎవరూ తమదనుకోలేదు.

ఇంగ్లండు పాటల లోకంలో ఈ రెండో రికార్డు గండం చాలామందిని పట్టిందే. అక్కడ 'పవర్ పాప్' అని ఒక రకం సంగీతం ఉంది. బీటిల్స్ వాళ్ల దారిలో చిన్న చిన్న పాటలు, ఎలక్ట్రిక్ గిటార్లు, ముగ్గురు నలుగురు గొంతులు కలిపి పాడే పల్లవులు. ఆ రకం బృందాల్లో ఒకదాని పేరే 'ది రికార్డ్స్'. 1979లో వాళ్ల మొదటి ఆల్బం వచ్చింది. అందులో 'స్టారీ ఐస్' అనే పాటకు సముద్రం దాటి అమెరికాలోనూ పేరొచ్చింది. మరుసటి ఏడు, 1980లో, రెండో ఆల్బం 'క్రాషెస్' తెచ్చారు. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. మొదటిసారి కొత్త గొంతు విన్నామన్న సంతోషం జనానికి ఉంటుంది. రెండోసారి అదే కావాలంటారు. అదే ఇస్తే కొత్తదేముందంటారు, వేరేది ఇస్తే మాకు తెలిసినవాడు వీడు కాదంటారు. ఇంట్లో రెండో బిడ్డకు అన్న చొక్కాలే తొడిగి, అన్నలాగా లేడని దెప్పినట్టుంటుంది.

శ్రీనివాస్ విషయంలో ఈ గండానికి ఇంకో ముడి కూడా పడింది. ఆ ముడి అర్థం కావాలంటే ఆయన చిన్నతనానికి వెళ్లాలి.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ గారు కూడా వాద్యకారుడే. ఇంట్లో మాండొలిన్ ఉండేది. ఆరేళ్ల పిల్లవాడు దాన్ని తీసి పలికిస్తుంటే తండ్రి చూసి కొత్తది కొనిచ్చి నేర్పడం మొదలుపెట్టారు. వాసూరావు అనే గిటార్ వాద్యకారుడు ఆ వయసులోనే పిల్లవాడికి పాశ్చాత్య సంగీతం రుచి చూపించాడు. ఈ మాట గుర్తుంచుకోండి. ఇంగ్లండు వెళ్లాక అంటుకున్న గాలి కాదది, పాలకొల్లులోనే తగిలిన గాలి.

తర్వాత తండ్రి గురువుగారే పిల్లవాడికీ గురువయ్యారు. ఆయన పేరు రుద్రరాజు సుబ్బరాజు గారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఇక్కడొక విచిత్రం ఉంది. సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగమీదికి తెచ్చేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో, ఎంత లాగాలో చూపించేవాళ్లు లేరు. కర్ణాటక సంగీతాన్ని ఆ వాద్యం మీద అంత పట్టుగా అంతకుముందు వాయించినవాళ్లు లేరు కనుక, అనుకరించడానికి ఒక దారి కూడా లేదు. గొంతు ఏం చేస్తే తీగ అది చేయాలి. పిల్లవాడికి తెలిసిన పాఠం ఇదొక్కటే.

గొంతు చేసేదాన్ని మాండొలిన్ చేయడం ఎందుకు కష్టమో కొంచెం ఓపికగా వినండి, కథంతా దీనిమీదే నడుస్తుంది. మాండొలిన్ ఇటలీ దేశపు వాద్యం. నాలుగు జతల తీగలు, మొత్తం ఎనిమిది. వయొలిన్‌కు కట్టే శ్రుతులే దీనికీ కడతారు. కానీ వయొలిన్‌కు కమాను ఉంది, లాగినంతసేపూ నాదం నిలుస్తుంది. మాండొలిన్‌ను చిన్న బిళ్లతో మీటాలి. మీటగానే టింగుమంటుంది, వెంటనే ఆరిపోతుంది. అందుకే ఇటలీవాళ్లు ఒకే స్వరాన్ని గబగబా మీటుతూ నిలబెడతారు. మన సినిమా పాటల్లో వర్షం చినుకుల్లాగా వినిపించే ఆ ధ్వని అదే. మన రాగాలకు అది చాలదు. తోడి రాగంలో గాంధారం ఒక చోట నిలబడి ఉండే స్వరం కాదు, ఊగే స్వరం. ఊగాలంటే ముందు నాదం బతికుండాలి కదా. నాదం అర క్షణంలో చచ్చిపోతే గమకం ఎక్కడ వేస్తారు?

శ్రీనివాస్ వాద్యాన్నే మార్చుకున్నాడు. విద్యుత్తుతో పనిచేసే మాండొలిన్ పట్టాడు. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు కట్టించాడు. ఒంటి తీగైతే వేలితో పక్కకు లాగవచ్చు, రెండు తీగలు ఒకదానితో ఒకటి కొట్లాడుకోవు. మంద్రస్థాయి కోసం అయిదో తీగ చేర్చుకున్నాడు. తీగ కింద ఉండే పికప్ చిన్న కంపనాన్ని కూడా పట్టి పెద్దది చేస్తుంది కాబట్టి నాదం కాస్త ఎక్కువసేపు బతుకుతుంది. అంతా చేసినా అది వీణ కాదు, వయొలిన్ కాదు. ఆరిపోయే నాదమే. ఆరిపోయేలోగా పని ముగించుకోవాలి. శ్రీనివాస్ చేతి వేగాన్ని అందరూ పొగుడుతారు. ఆ వేగం వెనక ఈ తొందర కూడా ఉందని నాకనిపిస్తుంది.

1978లో కృష్ణా జిల్లా గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరి చేశాడు. అప్పటికి తొమ్మిదేళ్లు. 1981లో మద్రాసు సంగీతోత్సవాల్లో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక ఎక్కాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడు. పద్నాలుగేళ్ల కుర్రవాడు, నుదుట విభూతి, పట్టు చొక్కా, చేతిలో బొమ్మంత వాద్యం. మన జనానికి శ్రీనివాస్ అంటే ఈ బొమ్మే. మా ఇంట్లో ఉన్న క్యాసెట్ అట్టమీద కూడా ఇదే బొమ్మ. క్యాసెట్ తేగానే మా నాయన ముందు ఆ అట్ట చూపించి, 'నీ ఈడువాడే, చూడు' అనేవాడు. నిజానికి నాకంటే పదేళ్లు పైబడే పెద్ద. అట్టమీద మాత్రం ఎప్పటికీ పిల్లవాడే.

విదేశీ వాద్యం మన సంగీతంలోకి వస్తే పెద్దలు ముఖం చిట్లించడం కొత్తేమీ కాదు. ఇవాళ వయొలిన్ లేని కచేరి ఊహించలేం. అది తెల్లవాళ్ల దగ్గరినుంచి వచ్చిందని ఎవరికీ గుర్తు కూడా లేదు. రెండువందల ఏళ్ల కిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దాన్ని నేర్చుకుని మన పద్ధతిలోకి దించాడు. అన్నగారు కోటలో వాయించే బ్యాండు మేళం బాణీలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. వాటినే నొట్టుస్వరాలంటాం. అందులో ఇంగ్లీషువాళ్ల రాజగీతం బాణీ కూడా ఉంది. మహా వాగ్గేయకారుడు చేశాడు కనుక అది అపచారం కాలేదు. 'మిశ్రమం' అని ఎవరైనా ముక్కు మూసుకుంటే నాకు ముందుగా ఆ నొట్టుస్వరాలే గుర్తొస్తాయి. తెలుగు వయొలిన్‌కు దేశమంతటా పేరు తెచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893లో పుట్టింది మన బెంగళూరులోనే, అన్నట్టు.

హార్మోనియం కథ ఇంకోలాంటిది. అది గమకం పలకదని చెప్పి 1940లో ఆకాశవాణి దాన్ని వెలివేసింది. 1971లో సడలించేదాకా ముప్ఫై ఏళ్లపాటు ఈ పెట్టెలో హార్మోనియం మోగలేదు. నాటకాల వాళ్లు, హరికథల వాళ్లు ఊళ్లలో దానితోనే పాడుతున్నారు, రేడియోలోకి మాత్రం రానివ్వలేదు. ఈ మాట రేడియోలోనే చెప్పుకోగలుగుతున్నామంటే కాలం కొంత మారిందనుకోవాలి.

మన కర్ణాటకంలో కద్రి గోపాలనాథ్ గారున్నారు. దక్షిణ కన్నడ జిల్లా మనిషి. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సఫోన్ విని, దానిమీద రాగాలు పలికించాలని పట్టుబట్టారు. 2019లో కాలం చేశారు. ఇవాళ మా వైపు పెండ్లిండ్లలో ఓలగంవాళ్ల పక్కన సాక్సఫోన్ ఉంటే ఎవరూ ఆశ్చర్యపోరు. కన్నడ ప్రాంతం నుంచి సాక్సఫోన్, తెలుగు ప్రాంతం నుంచి మాండొలిన్, రెండూ ఇంచుమించు ఒకే కాలంలో మద్రాసు సభల తలుపు తట్టాయి. తలుపు తెరుచుకుంది కూడా. తెరుచుకున్నాక లోపల ఉండిపోవాలన్నది సభల షరతు. శ్రీనివాస్ మళ్లీ బయటికి నడిచాడు. 'డ్రీమ్' అలా నడిచిన రికార్డు.

ఇక ఆ రికార్డు కంపెనీ సంగతి. పీటర్ గాబ్రియల్ ఇంగ్లండులో పేరున్న పాప్ గాయకుడు. 'జెనెసిస్' అనే బృందంలో పాడి, తర్వాత విడిగా పాడినవాడు. అన్ని దేశాల సంగీతాన్నీ ఒకే మైదానంలో వినిపించాలని 'ఓమాడ్' అనే ఉత్సవం మొదలుపెట్టినవాళ్లలో ఒకడు. 1982లో మొదటి ఉత్సవం జరిగింది. బోలెడు అప్పు మిగిలింది. పాత స్నేహితులు జెనెసిస్ వాళ్లు అతనితో కలిసి ఒక కచేరి చేసి ఆ అప్పు తీర్చడానికి సాయపడ్డారు. తర్వాత విల్ట్‌షైర్ ప్రాంతంలో బాక్స్ అనే పల్లెటూళ్లో పాత నీటిమర ఒకటి కొని స్టూడియోగా మార్చాడు. నీటి చక్రంతో ధాన్యం విసిరే మర ఉండే చోటు. 1989లో రియల్ వరల్డ్ పేరుతో రికార్డులు తేవడం మొదలైంది. వేసవిలో కొన్నేళ్లు 'రికార్డింగ్ వీక్' అని పెట్టి, దేశదేశాల వాద్యకారులను ఒకచోట దింపి, ఎవరితో ఎవరు కుదిరితే వాళ్లతో వాయించనిచ్చేవారు. సంతలో ఎద్దుల జత చూసుకున్నట్టుండేదేమో ఆ వ్యవహారం.

శ్రీనివాస్‌కు అక్కడ జత కుదిరింది మైకేల్ బ్రూక్‌తో. కెనడా దేశస్థుడు, గిటార్ వాద్యకారుడు, రికార్డులు తయారుచేయడంలో నేర్పరి. పాకిస్తాన్ ఖవ్వాలీ గాయకుడు నుస్రత్ ఫతే అలీఖాన్‌తో 1990లో 'మస్త్ మస్త్' అనే రికార్డు చేసింది ఇతనే. అది దేశదేశాల్లో మోగింది. బ్రూక్ ఒక వాద్యం తయారుచేశాడు. పేరు 'ఇన్ఫినిట్ గిటార్'. అంతులేని గిటార్ అనుకోండి. తీగ కంపనాన్ని ఒక విద్యుత్ పరికరం పట్టి, పెద్దది చేసి, తిరిగి అదే తీగకు అందిస్తుంది. తీగ తన కంపనాన్ని తానే తిని బతుకుతుంది. ఒకసారి మీటితే మీరు ఆపేదాకా ఆగదు. 'యూటూ' అనే ఐర్లండు బృందంలోని గిటార్ వాద్యకారుడికి కూడా బ్రూక్ ఇలాంటిది ఒకటి ఇచ్చాడు. 1987లో వాళ్ల రికార్డు ద్వారా ఆ ధ్వని లోకమంతా విన్నది.

ఇప్పుడు చూడండి. ఒక పక్క పుట్టగానే ఆరిపోయే నాదం. ఇంకో పక్క ఎప్పటికీ ఆరిపోని నాదం. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టారు. నాకు 'డ్రీమ్'లో అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఇదే. ఎవరు ఎవరి సంగీతంలో కలిశారన్నది తర్వాతి మాట.

ఆ రికార్డులో నాలుగే భాగాలున్నాయి. 'డాన్స్', 'థింక్', 'రన్', 'డ్రీమ్' అని పేర్లు. ఆట, ఆలోచన, పరుగు, కల. అన్నీ నిడివైనవే. పాప్ పాటల్లాగా మూడు నిమిషాల్లో ముగిసేవి కావు. వీళ్లిద్దరితో పాటు ఇంకొందరు పేరున్నవాళ్లు కలిశారు. నైజెల్ కెనెడీ ఇంగ్లండు వయొలిన్ విద్వాంసుడు, 1989లో వివాల్డి 'ఫోర్ సీజన్స్' వాయించి ఆ రికార్డును లక్షల సంఖ్యలో అమ్మించినవాడు. జేన్ సిబెరీ కెనడా గాయని. నానా వాస్కోన్‌సెలోస్ బ్రెజిల్ లయవాద్యకారుడు, 2016లో పోయాడు. బెరింబౌ అనే ఒంటి తీగ వాద్యానికి ఈయన ప్రసిద్ధి. విల్లుకు కట్టిన తీగను పుల్లతో కొట్టి పలికిస్తారు. మన ఊళ్లలో బైరాగులు పట్టుకొచ్చే ఏకతారకు దూరపు చుట్టమనుకోవచ్చు.

ఇందులో కచేరి వరస లేదు. ముందు వర్ణం, తర్వాత కృతులు, ప్రధాన రాగం, తని ఆవర్తనం, చివర మంగళం, ఇవేవీ వెదకకండి. అడుగున గిటార్ నాదం వానకారు మబ్బులాగా పరుచుకుని ఉంటుంది. దానిమీద మాండొలిన్ వచ్చిపోతుంటుంది. కచేరీలో మన చెవి తాళం పట్టుకుని నడుస్తుంది, ఎక్కడికి వెళ్తున్నామో తెలుస్తూ ఉంటుంది. ఇక్కడ అలా తెలియదు. మొదటిసారి విన్నప్పుడు నాకు తంబూరా ఉండాల్సిన చోట ఎవరో వేరే మనిషి కూర్చున్నట్టనిపించింది. తంబూరా ఏమీ మాట్లాడదు, ఆధారంగా ఉంటుంది. బ్రూక్ గిటార్ ఆధారంగా ఉంటూనే మాట్లాడుతుంది, రంగు మారుస్తుంది.

కానీ ఆ ఆధారం మీద శ్రీనివాస్ చేయి ఎలా నెమ్మదించిందో వినండి. కచేరీల్లో సభను ఉర్రూతలూగించే ఆ స్వరాల జడివాన ఇక్కడ అంతగా అవసరపడలేదు. నాదం ఆరిపోతుందన్న భయం లేదు, ఎందుకంటే పక్కవాడి నాదం దాన్ని పట్టుకుని ఉంది. ఒక స్వరం మీటి, వదిలి, అది ఆరిపోయేదాకా ఆగి, మళ్లీ మీటడం. చిన్నప్పటినుంచి జనం వేగానికి చప్పట్లు కొట్టిన మనిషి ఇరవయ్యారేళ్ల వయసులో వేగాన్ని పక్కనపెట్టి చూసుకోవడం చిన్న విషయం కాదు. జనం ఇచ్చిన బిరుదును కాసేపు తీసి గూట్లో పెట్టడం అది.

లోపాలు లేవా? ఉన్నాయి. అతిథులు ఎక్కువయ్యారని నా అభిప్రాయం. విందులో అన్ని వంటలూ ఒకే విస్తట్లో పడితే పప్పు రుచి పప్పుకు ఉండదు. ఎవరి గొంతూ సాంతం వినబడకముందే ఇంకొకరు వస్తున్నట్టుంటుంది. మాండొలిన్ కొన్నిచోట్ల అద్దకంలో పువ్వులాగా మిగిలిపోయింది. శ్రీనివాస్ ఒక్కడూ బ్రూక్ ఒక్కడూ కూర్చుని చేసి ఉంటే ఇంకా మంచి రికార్డు అయ్యేదనుకుంటాను. ఇది నా మాట, మీరు విని కాదనవచ్చు.

మరి ఇది ఎందుకు మరుగున పడింది?

దీనికి సమాధానం కొంత అంగడి అరల్లో ఉంది. 1987 జూన్ 29న లండన్‌లో ఒక పబ్బు మేడమీద చిన్న రికార్డు కంపెనీలవాళ్లు కొందరు కూడారు. వాళ్ల బాధ ఏమంటే, ఆఫ్రికా నుంచి, ఆసియా నుంచి వచ్చే రికార్డులను అంగడివాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక అసలు పెట్టడమే మానేస్తున్నారు. అన్నిటికీ కలిపి ఒక పేరు పెడదామన్నారు. పేరు తేలింది, 'వరల్డ్ మ్యూజిక్'. ప్రపంచ సంగీతం. అంగడివాడికి ఒక అర దొరికింది. అమ్మకాలు పెరిగాయి కూడా. కానీ ఆ అరలో త్యాగరాజ కీర్తనా, సెనెగల్ డప్పూ, బల్గేరియా ఆడవాళ్ల బృందగానమూ పక్కపక్కన పడ్డాయి. ఇంగ్లీషువాడి పాటను ఆ అరలో పెట్టరు, గమనించారా? తమది సంగీతం, మిగతా అందరిదీ ప్రపంచ సంగీతం.

'రామ శ్రీరామ'కు ఈ అర సరిపోయింది. అది మామూలు కర్ణాటక సంగీతమే. కొనేవాడికి అచ్చమైన భారతీయ సంగీతం కొన్నానన్న తృప్తి. 'డ్రీమ్' వచ్చేసరికి చిక్కొచ్చింది. అచ్చమైనది కావాలన్నవాడికి ఇందులో గిటార్ అడ్డం. పాప్ కావాలన్నవాడికి పాట లేదు, పల్లవి లేదు. నుస్రత్ రికార్డు నిలబడిందంటే అక్కడ గొంతు ఉంది, ఆ గొంతు ఎక్కడున్నా తన అర తాను చేసుకుంటుంది. వాద్యానికి ఆ సౌకర్యం లేదు.

ఇటు మన దేశంలో 1995 ఎలాంటి ఏడాదో గుర్తుతెచ్చుకోండి. ఇళ్లలో టేప్ రికార్డర్లు, క్యాసెట్లు. సీడీ అనేది పట్నాల్లో డబ్బున్నవాళ్ల సంగతి. విదేశీ సీడీ అయితే చెప్పనక్కరలేదు. 'బొంబాయి' పాటలు ప్రతి హోటల్లో మోగుతున్నాయి. అలీషా చినాయ్ 'మేడిన్ ఇండియా' టీవీలో ఆడుతోంది. మరుసటి ఏడు, 1996లో, హరిహరన్, లెస్లీ లూయిస్ ఇద్దరూ 'కలోనియల్ కజిన్స్' తెచ్చారు. హరిదాస సంప్రదాయపు కన్నడ కీర్తనను గిటార్‌తో కలిపి వినిపిస్తే దేశం మెచ్చుకుంది. అంటే మిశ్రమాన్ని మనవాళ్లు వద్దనలేదు. తెలిసిన పాట ఒకటి అందులో ఉండాలన్నారు. 'డ్రీమ్'లో పట్టుకోవడానికి అలాంటి పిడి లేదు. సభల్లోని పెద్దలు సరేసరి. శ్రీనివాస్ కచేరీల గురించి పత్రికల్లో ఎన్ని వ్యాసాలు చదివానో, వాటిలో ఈ రికార్డు ప్రస్తావన దాదాపు లేదు.

తర్వాత ఇంకో పెద్ద అల వచ్చి దీన్ని కప్పేసింది. జాన్ మెక్‌లాఫ్లిన్ ఇంగ్లండు గిటార్ విద్వాంసుడు. 1970ల్లో జాకీర్ హుస్సేన్‌తో కలిసి 'శక్తి' బృందం నడిపినవాడు. దాన్ని 'రిమెంబర్ శక్తి' పేరుతో మళ్లీ నిలబెట్టినప్పుడు శ్రీనివాస్‌ను చేర్చుకున్నాడు. 2000లో 'ది బిలీవర్', 2001లో 'సాటర్డే నైట్ ఇన్ బాంబే' వచ్చాయి. శ్రీనివాస్ ప్రపంచయాత్ర అంటే జనానికి గుర్తున్నది ఇదే. గిటార్‌తో పోటాపోటీగా స్వరాలు విసురుకోవడం, ఆఖరికి ఇద్దరూ నవ్వుకోవడం. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ అందులో గెలిచింది మళ్లీ ఆ వేగమే. ఆ చిన్నప్పటి అద్భుత బాలుడే.

ఈ కథలో మన సరిహద్దు మనుషులకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. నేను అరసికెరెలో ఉంటాను. హాసన్ జిల్లాలో రైలు జంక్షన్ ఉన్న అరసీకెరె కాదు, పావగడ తాలూకా అరసికెరె. పేరు చెప్పిన ప్రతిసారీ ఈ వివరం కూడా చెప్పుకోవాలి. పగలు బడిలో కన్నడంలో పాఠం చెబుతాను, ఇంటికొచ్చి తెలుగులో మాట్లాడతాను. పటం చూస్తే మన పావగడ చుట్టూ మూడు పక్కలా ఆంధ్రే. మడకశిర సంతకు పోతే 'మీది కన్నడ దేశం కదా' అంటారు, తుమకూరు పోతే 'మీరు తెలుగువాళ్లు కదా' అంటారు. రెండు మాటలూ నిజమే. రెండూ కలిపి ఒక్క మాటగా చెప్పే పేరు మాత్రం ఎవరి దగ్గరా లేదు. అందుకే మనం ఈ రికార్డును తక్కినవాళ్లకంటే సులువుగా వినగలమని నాకొక ఆశ. ఇందులో ఏది ఎవరిదని తేల్చుకోకుండానే మన చెవి సాగిపోగలదు. రోజూ అదే కదా చేస్తున్నాం.

నాకు బాధ కలిగించేది మరొకటి. శ్రీనివాస్ 2014 సెప్టెంబర్ 19న చెన్నైలో పోయాడు. నలభై అయిదేళ్లు. కాలేయ మార్పిడి జరిగాక కోలుకోలేదు. 1998లో పద్మశ్రీ వచ్చింది, తర్వాత సంగీత నాటక అకాడెమీ పురస్కారం వచ్చింది. పోయినప్పుడు పత్రికలన్నీ రాశాయి. ఎక్కువగా ఆరేళ్ల పిల్లవాడు మాండొలిన్ పట్టుకున్న కథ, గుడివాడ కథ, బెర్లిన్ కథ. పిల్లవాణ్ని అందరూ దాచిపెట్టుకున్నారు. పాతికేళ్ల యువకుడు ఏం ఆలోచించాడు, తన వాద్యంలో ఏది చాలదనుకున్నాడు, ఎవరి పక్కన కూర్చుంటే ఆ కొరత తీరుతుందని చూశాడు, ఇవి అడిగినవాళ్లు తక్కువ. ఆయన ఎక్కువగా మాట్లాడే మనిషి కూడా కాదు. ఆ ప్రశ్నలకు ఆయన తరఫున మిగిలిన సాక్ష్యం ఇలాంటి రికార్డులే. సభల్లో వాయించినవాటికి రికార్డులు ఎన్నో ఉన్నాయి. సభ లేని చోట, చప్పట్లు కొట్టేవాళ్లు లేని గదిలో వాయించింది కొద్ది.

నలభై దాటాక ఆయన కచేరీల్లో విలంబకాలంలో రాగం వాయించే తీరు మారిందని, మౌనం ఎక్కువైందని విన్నవాళ్లు చెబుతారు. నాకూ అలాగే వినిపిస్తుంది. తమ్ముడు రాజేష్‌తో 2008లో చేసిన 'సంజనిత'లో ఆ నెమ్మది ఉంది. దాని విత్తు ఆ నీటిమర స్టూడియోలో పడిందని నేను రుజువు చేయలేను. రెండూ పక్కపక్కన పెట్టుకుని వింటే మీకే ఏదో ఒకటి తోస్తుంది.

వినదలచుకున్నవారికి ఇప్పుడు కష్టం లేదు. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా సెల్‌ఫోన్‌లో శ్రీనివాస్ పేరూ 'డ్రీమ్' అన్న మాటా కొట్టి వెదికి పెడతాడు. ముందు 'రామ శ్రీరామ' వినండి. అది మనకు తెలిసిన దారి. ఒక రోజు ఆగి రెండోది వినండి. సెల్‌ఫోన్‌ బుల్లి స్పీకరులో వింటే గిటార్ మబ్బు వినబడదు, మాండొలిన్ చినుకులే వినబడతాయి. చెవులకు పెట్టుకునేవి ఉంటే మంచిది. రాత్రి భోజనాలయ్యాక, మోటార్ల చప్పుడు లేనప్పుడు పెట్టుకోండి. చివరి భాగం దగ్గర ఆపేయకండి, నాలుగింటిలో నాకు నచ్చింది అదే.